జాలీ అవతలి మైదానం: నీగ్రో లీగ్స్ మ్యూజియం, మన బాలూ

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, కాన్సాస్ సిటీలో 18వ వీధీ, వైన్ వీధీ కలిసేచోట పాత నల్లజాతి పేట ఉంది. నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం అక్కడిదే. 1990లో ఒక్క గదిలో మొదలైంది. 1997 నుంచి జాజ్ సంగీత మ్యూజియంతో కలిసి ఒకే కప్పు కింద ఉంటోంది. బేస్‌బాల్ మనకు పెద్దగా తెలిసిన ఆట కాదు. అయినా మేము చూసినప్పుడు ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు. అది వెలి కథ.

19వ శతాబ్దం చివర్లో తెల్లవాళ్ల లీగులు నల్ల ఆటగాళ్లకు తలుపులు మూసేశాయి. నిబంధనగా ఎక్కడా రాసుకోలేదు. దానికి ‘పెద్దమనుషుల ఒప్పందం’ అని ముద్దుపేరు. ఏ రేవులో ఎవరు దిగాలో బోర్డు లేకుండానే మన ఊళ్లో అందరికీ తెలిసేది కదా, అట్లాగే. 1920లో రూబ్ ఫాస్టర్ ఇదే పేటలో, పసియో వై.ఎం.సి.ఏ.లో, తోటి నల్ల జట్ల యజమానులను కూర్చోబెట్టి నీగ్రో నేషనల్ లీగ్ పెట్టాడు. తలుపు తట్టడం మానేసి సొంత ఇల్లు కట్టుకున్నారన్నమాట.

మ్యూజియం అమరికలో ఒక గొప్ప ఆలోచన ఉంది. లోపలికి రాగానే చిన్న మైదానం, దానిమీద ఆటగాళ్ల కంచు విగ్రహాలు కనబడతాయి. సాచెల్ పేజ్ బంతి విసురుతుంటాడు, జోష్ గిబ్సన్ పట్టడానికి కూచుని ఉంటాడు. కానీ మనకీ వాళ్లకీ నడుమ కోళ్లగూటికి కొట్టే ఇనప జాలీ. చరిత్రంతా నడిచి చివరికొచ్చాకే మైదానంలో కాలు పెట్టనిస్తారు. వెలి అంటే ఏమిటో ఉపన్యాసం లేకుండా ఒంటికి తెలుస్తుంది.

అయితే ఆ కంచు విగ్రహాలు ఎవరివి? కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ మొదట్లో ఎంపిక చేసిన నీగ్రో లీగ్ ఆటగాళ్లవి. అంటే సొంత లీగు పెట్టుకున్నవాళ్ల సొంత మ్యూజియంలో కూడా మైదానంలో ఎవరుండాలో ఆ పెద్దింటి జాబితా తేల్చింది. ఈ మ్యూజియాన్ని నిలబెట్టడానికి ఊరూరా తిరిగిన బక్ ఓనీల్‌కు 2006లో ఆ హాల్‌లో చోటు దక్కలేదు. ఎంపికైన 17 మంది తరఫున సభలో మాట్లాడింది మాత్రం ఆయనే! ఆ ఏడాదే పోయాడు. చోటు 2022లో ఇచ్చారు.

1947లో జాకీ రాబిన్సన్ తెల్లవాళ్ల లీగులో అడుగుపెట్టడాన్ని అందరూ పండగలా చెప్తారు. పండగే, కాదనం. కానీ రాబిన్సన్‌ను పట్టుకుపోయిన బ్రూక్లిన్ జట్టు, అతను అంతకుముందు ఆడిన కాన్సాస్ సిటీ మొనార్క్స్‌కు పైసా ఇవ్వలేదు. మంచి ఆటగాళ్లు పోయారు, వాళ్ల వెనక జనం పోయారు. 1960ల తొలినాళ్లకు నల్లవాళ్ల లీగులే లేకుండా పోయాయి. తలుపు తెరుచుకుంది మనుషులకే, వాళ్లు కట్టుకున్న సంస్థలకు కాదు. ప్రాతినిధ్యమా, స్వతంత్ర నిర్మాణమా అని మనం చేసే చర్చలో ఈ ఖర్చు ఎవరూ లెక్కగట్టరు. 2024లో నీగ్రో లీగ్ గణాంకాలను అధికారిక రికార్డుల్లో కలిపారు. 0.372 సగటుతో గిబ్సన్ టై కాబ్‌ను (0.367) దాటేశాడు. గిబ్సన్ 1947 జనవరిలోనే, 35 ఏళ్లకే చనిపోయాడు. రాబిన్సన్ అడుగుపెట్టింది ఏప్రిల్‌లో.

మనకు లీగు లేదు, పల్వంకర్ బాలూ ఉన్నాడు. చమార్ కులస్థుడు. పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో పిచ్ చదును చేస్తూ, దొరలకు ప్రాక్టీసులో బంతులు వేస్తూ బౌలరయ్యాడు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. హిందూ జట్టుకు అతని చెయ్యి కావాలి, కెప్టెన్సీ మాత్రం ఇవ్వలేదు. అది తమ్ముడు విఠల్‌కు 1923లో దక్కింది. బాలూ పేరెత్తితే మన మిత్రులు కొందరు మొహం చిట్లిస్తారు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున అంబేద్కర్ మీద పోటీచేసి ఓడాడు కాబట్టి. నిజమే. రాబిన్సన్ కూడా 1949లో పార్లమెంటు కమిటీ ముందు కూచుని పాల్ రోబ్సన్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. లోపలికి రానిచ్చినవాళ్లు అద్దె కూడా అడుగుతారు.

పూనాలో జట్టువాళ్లు బాలూ వేసిన బంతి ముట్టుకునేవాళ్లు. టీ మాత్రం అతనికి పెవిలియన్ బయట మట్టి ముంతలో. తాగాక పారేసే ముంత. కాన్సాస్ సిటీ వాళ్లకు అద్దాల్లో పెట్టుకోను జెర్సీలున్నాయి, గ్లవుజులున్నాయి, టిక్కెట్లున్నాయి. మన చరిత్రకు అసలైన వస్తువు ఆ ముంతే, దాన్ని దాచనివ్వకపోవడమే దాని పని. మిగిలింది కాగితం. విఠల్ 1948లో మరాఠీలో తన ఆటల జీవితం రాసుకున్నాడు. మరాఠీ చదవగల మిత్రులతో కూచుని ముందు దాన్ని చదవాలనుకుంటున్నాం.