ఆరో స్థానంలో ఒకటి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం స్టేషన్లలో బెంగళూరు రైలెక్కే బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్ పిల్లల్లో మెడికల్ కోడింగ్ వైపు వెళ్లేవాళ్లూ ఉంటారు. ఏం ఉద్యోగమని ఇంట్లో అడిగితే ‘కంప్యూటర్లో ఆస్పత్రి పని’ అనేసి ఊరుకుంటారు. అమెరికా డాక్టరు రాసిన చార్టు చదివి జబ్బును కోడులోకి మార్చడం ఆ పని. పైకి గుమాస్తాగిరీలా కనిపిస్తుంది గానీ, ఎఫ్14.981 అనే ఒక్క కోడు వెయ్యడం దగ్గరుండి చూస్తే ఆ మాట అనబుద్ధి కాదు.

ఎఫ్14 అంటే కొకైన్ తెచ్చే మానసిక, ప్రవర్తన సమస్యలు. చుక్క తర్వాత 1 ఉంటే దుర్వినియోగం, 2 ఉంటే వ్యసనం, 9 ఉంటే డాక్టరు ‘వాడకం’ అని మాత్రమే రాశారన్నమాట. ఆ పక్క 8 ‘ఇతర సమస్యలు’. చివర, అంటే అక్షరంతో కలిపి లెక్కిస్తే ఆరో స్థానంలో, 0 పడితే ఆందోళన, 2 పడితే నిద్ర సమస్య, 1 పడితే లైంగిక సమస్య. ఇంత విడమరుపు అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి అమలైన ఐసీడీ-10-సీఎం అనే జబ్బుల కోడ్ల పట్టికది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మూల ఐసీడీ-10లో ఎఫ్14కి ఈ ఆరో స్థానమే లేదు.

ఒక చార్టు అనుకుందాం. అలవాట్ల దగ్గర ‘కొకైన్ వాడకం’ అని ఉంది. రెండు పేజీలు తిప్పితే ‘అంగస్తంభన సమస్య’. కొత్తవాళ్లు రెంటికీ ముడిపెట్టేస్తారు. అనుమానం తప్పేమీ కాదు: కొకైన్ మొదట్లో కోరిక పెంచినట్టే అనిపించినా రక్తనాళాలను బిగిస్తుంది, ఏళ్ల తరబడి వాడితే కోరికనూ స్తంభననూ దెబ్బతీస్తుంది. అయినా సీనియర్ కోడర్ తొందరపడరు. ‘వాడకం’ కోడు వెయ్యాలంటే దానికీ సమస్యకూ సంబంధం ఉందని డాక్టరే రాసి ఉండాలన్నది నియమం. పక్కనే ఎన్52.2 ఉంది, మందుల వల్ల వచ్చే స్తంభన లోపానికి. ఎఫ్52.21 ఉంది, మత్తుకూ ఒంటి జబ్బుకూ సంబంధం లేనిదానికి. ధర్మవరం మగ్గం మీద జకార్డ్ అట్టలో చిల్లు తప్పితే బుటా మారిపోయినట్టు, ఇక్కడ అంకె తప్పితే జబ్బే మారిపోతుంది.

అందుకని వివరణ కోరుతూ డాక్టరుకు ఒక ప్రశ్న, వాళ్ల భాషలో క్వెరీ, వెళ్తుంది. అసలు నేర్పు నాకు కనిపించేది ఇక్కడే. ‘కొకైన్ వల్లే కదా?’ అని అడగకూడదు, జవాబు నోటికందించినట్టవుతుంది. చార్టులో ఏమేం ఉన్నాయో చూపించి, కారణమేమిటో రాయమనాలి, తేల్చలేకపోతే ఆ ముక్కే రాయమనాలి.

డాక్టరు తేల్చే పద్ధతీ అలాంటిదే. సమస్య కొకైన్‌కు ముందు మొదలైందా, తర్వాతా? మానేసి నెల దాటినా ఉందా? షుగరు, బీపీ ఉన్నాయా, డిప్రెషన్ మందులేమైనా వాడుతున్నారా? గుండె సంగతి చూడకుండా వయాగ్రా రాసివ్వడం వైద్యం కాదు. కొకైన్ వ్యసనానికంటూ అమెరికాలో ఆమోదం పొందిన మందు లేదు; కౌన్సెలింగ్, ప్రవర్తన చికిత్సలే దిక్కు. (సిగ్గుతో దాచేవాళ్లే ఎక్కువ గనక చెబుతున్నా: మన దేశంలో మత్తు అలవాట్లకు 14446 ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, బెంగళూరు నిమ్హాన్స్‌లో ప్రత్యేక విభాగమూ ఉంది.)

క్వెరీకి జవాబు ‘కొకైన్‌తో సంబంధం లేదు, టైప్ 2 మధుమేహం వల్ల’ అని వచ్చిందనుకోండి. ముందు ఈ11.69, దాని వెంట ఎన్52.1 పడతాయి. అలవాట్ల దగ్గరున్న ఆ వాడకానికి ఏ జబ్బుతోనూ ముడి లేదు గనక, ఎఫ్14 కోడు మొత్తానికే వెయ్యరు.