గంప తెచ్చినవారి నోట

కోత పండుగ ఆదివారం పొద్దున్నే గుడి తలుపు తీస్తే ముందుగా పలకరించేది వాసన. కొత్త వడ్ల వాసన, మక్కకంకుల వాసన, అప్పుడే తెంపుకొచ్చిన కొత్తిమీర వాసన. బల్ల ముందు చెరుకు గడలు తోరణంలా కట్టి ఉంటాయి. గుమ్మడికాయలు, సొరకాయలు, తవుడులో దాచి తెచ్చిన గుడ్లు, కాళ్లు కట్టేసిన కోళ్లు. మెతుకుసీమ అని పేరున్న మెదక్ పల్లెల్లో వాక్యం చెప్పుకుంటూ బతికే నాకు ఏడాది మొత్తంలో ఇష్టమైన రోజు ఇదే. ఇక్కణ్నుంచి డిసెంబరు 31 అర్ధరాత్రి దాకా సాగే రోజులన్నీ నాకు ఒకే పండుగ. ఆగమన కాలపు నాలుగు ఆదివారాలు, క్రిస్మస్, వాచ్ నైట్ అన్నీ ఈ గంపల వెనకాలే నడిచి వస్తాయి.

కొత్తలో కోత పండుగ ప్రసంగమంటే నేను చెప్పాల్సిందే అనుకునేవాణ్ని. దేవుడు ఎంత ఇచ్చాడో, మనం ఎంత తిరిగివ్వాలో మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక ఉదాహరణ తగిలించి, నలభై నిమిషాలు. చాలా ఏళ్ల తర్వాత ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయాన్ని మళ్లీ నెమ్మదిగా చదివాను. ప్రథమ ఫలాల గంప పట్టుకుని రైతు యాజకుడి దగ్గరికి వస్తాడు. యాజకుడు గంప అందుకుని బలిపీఠం ముందు పెడతాడు. ఆ తర్వాత మాట్లాడేది రైతే. తన పూర్వికుడు దేశదిమ్మరి అని మొదలుపెట్టి, ఐగుప్తులో పడ్డ బాధలు, బయటపడ్డ తీరు, చేరుకున్న నేల వరుసగా చెప్పి, ఇదిగో ఈ నేల పండించిన పంట అని ముగిస్తాడు. అక్కడ యాజకుడికి ప్రసంగం లేదు. గంప అందుకోవడమే ఆయన పని. అది చదివాక నా ప్రసంగాల తీరు మారింది.

మా పెద్ద ఉపదేశులు ఈ సంగతి చదివి తెలుసుకోలేదు, చేసి చూపించారు. శనివారం సాయంత్రం బైబిలు ఇంట్లోనే ఉంచి ఊళ్లోకి నడిచేవారు. అరుగు మీద కూర్చుని, ‘ఈ ఏడు ఎట్లుంది?’ అని అడిగి ఊరుకునేవారు. మర్నాడు వాక్యంలో ఎవరి పేరూ ఎత్తకుండా ఊరి ఏడాదంతా వినిపించేది. ఎండిన బోరు, ఈనిన బర్రె, దుబాయి నుంచి డబ్బు పంపడం మానేసిన కొడుకు, అన్నీ అందులో ఉండేవి.

రెండు తెలుగుల మధ్య నడవడం వాళ్ల దగ్గర నేర్చుకున్న ఇంకో పని. మన బైబిలు గ్రాంథికంలో ఉంది. ముందు ఆ భాషలోనే నిండుగా, తొందరపడకుండా చదవాలి. ముసలివాళ్లకు ఆ వాక్యాలు కంఠతా వచ్చు, పెదవులు కదుపుతూ వెంట చదువుతారు. ఆ తర్వాత అదే కథను ఇంటి భాషలో చెప్పాలి. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే ఒక్కడే వెనక్కి వచ్చి దండం పెట్టిన కథ లూకా 17లో ఉంది. దాన్ని చదివి, ‘మిగతా తొమ్మిది మంది ఏడికి పోయిన్రు?’ అని అడిగి ఆగితే చాలు. ఆ మౌనంలో ప్రతివాడూ తన ఇల్లు గుర్తు చేసుకుంటాడు. ఈ ఆగడం చేతకాక చాలామంది ప్రసంగీకులు మైకులో కేకలు వేస్తారు. నాకు అది బాధగా ఉంటుంది.

మాట అలిసిపోయిన చోట పాట అందుకుంటుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటల నెత్తిన రాగం, తాళం అచ్చయి కనిపిస్తాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి లాంటి కవులు ఈ నేల రాగాల్లోనే ప్రభువును పాడారు. ప్రసంగం మధ్యలో తెలిసిన కీర్తన ఒక్క చరణం ఎత్తుకుంటే జనం నా చేతిలోంచి వాక్యాన్ని తమ చేతిలోకి తీసుకుంటారు.

ఒక ఏడు కోతల వేళ వాన పట్టుకుంది. వడ్లు కల్లాల మీదే తడిసిపోయాయి. పండుగ నాడు ఒక పెద్దమ్మ స్టీలు గిన్నె కొంగు కింద పెట్టుకుని గుడి వెనకాలే నిలబడింది. దగ్గరికి వెళితే గిన్నె చూపించింది. వడ్లకు తెల్లటి మొలకలు వచ్చాయి, కొన్ని నల్లబడ్డాయి, పులిసిన వాసన వస్తోంది. ‘గివే ఉన్నయి అయ్యగారూ. పెట్టొచ్చా?’ అంది.

ఆ రోజుకు నేను సిద్ధం చేసుకున్నది సమృద్ధి గురించిన ప్రసంగం. గిన్నె చూశాక ఆ కాగితాలు బయటికి తీయబుద్ధి కాలేదు. వాక్యం చదివించి, పెద్దమ్మను ముందుకు పిలిచి, ‘ఏం జరిగిందో నువ్వే చెప్పమ్మా’ అన్నాను. రెండు నిమిషాలకు మించి మాట్లాడలేదు. అప్పు తెచ్చి ఎరువు వేశానంది. అర్ధరాత్రి వాన మొదలైతే ఒక్కతే పరదా కప్పబోయానంది. ‘పక్క చేనోళ్లు లైట్లు పట్టుకొని ఉరికొచ్చిన్రు. ఆళ్ల వడ్లు ఇడిసిపెట్టి నాయి కప్పిన్రు. ఆళ్లు రాకపోతే గివి గూడ మిగిలేటివి కావు’ అంది. ఆ పక్క చేనువాళ్లు మా సంఘం వాళ్లు కారు. గుడిలో వాళ్లెవరూ లేరు కూడా.

థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో కృతజ్ఞత గురించి పౌలు చెప్పిన ‘ప్రతి విషయమునందును’ అన్న మాటకు మన తెలుగు బైబిలు పెట్టిన విభక్తి ‘అందు’. బడిలో వల్లించిన వరుసలో సప్తమి. చతుర్థి ‘కొరకు’ కాదు. పంట తడిసినందుకు, బిడ్డ పోయినందుకు థాంక్స్ చెప్పమని ఎవరినీ అడగకూడదు. అలా అడిగే ప్రసంగం మనిషిని గాయం మీద కొట్టినట్టే. తడిసిన వడ్ల నడుమ నిలబడి కూడా కనిపించిన మేలును పేరుపెట్టి చెప్పుకోవడం వేరు. పెద్దమ్మ చేసింది అది. ఆ ‘అందు’ను నేను వేదపాఠశాలలో చదివాను, అర్థమైంది మాత్రం ఆ గిన్నె ముందు.

ఆరాధన అయ్యాక అర్పణలన్నీ వేలం వేస్తాం. సొరకాయకు మూడు వందలు, నాటుకోడికి రెండు వేలు పలుకుతాయి. పాడుకున్నవాడు దాన్ని మళ్లీ బల్ల మీదే పెట్టేస్తాడు, మళ్లీ వేలం. ఆ ఏడు మొలకల గిన్నె మూడు చేతులు మారింది. చివరికి కోళ్లకు వేస్తానని ఆటో నడిపే అబ్బాయి ఒకడు తీసుకుని, వడ్లు సంచిలో పోసుకుని, గిన్నె కడిగి పెద్దమ్మకు ఇచ్చాడు.

బీదవాడికి కూడా ఇచ్చే గౌరవం ఉండాలన్న పట్టుదల మన సంఘాల్లో పాతదే. 1912లో బిషప్ అయిన దోర్నకల్ వి.ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు. ఎక్కువమంది కూలీలే ఉన్న సంఘాలతో ఆయన మీరూ ఇవ్వగలరు అని చెప్పి, ఇవ్వడం గురించి పుస్తకమే రాశారు. మా ఆడవాళ్లు రోజూ అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి వస్తుంది. ఇంట్లో బియ్యం తక్కువైన రోజున పిడికిలి చిన్నదవుతుందేమో గాని పిడికెడు ఆగదు.

డిసెంబరు వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌లు, అంటే పండుగకు ముందే చేసుకునే క్రిస్మస్ కూటాలు మొదలు. వెదురు బద్దల నక్షత్రాలు ఇళ్ల మీదికి ఎక్కుతాయి, క్యారల్స్ పాడే పిల్లలు రాత్రుళ్లు వీధులు చుడతారు. ప్రసంగీకుడికి ఇదే కష్టకాలం. కథ అందరికీ తెలుసు. అందుకే నేను ఒక్క చిన్న వస్తువును పట్టుకుంటాను. పోయినసారి పశువుల తొట్టి. బర్రెలున్న ఆడవాళ్లను అడిగాను, గాడిలో పసిబిడ్డను పడుకోబెట్టాలంటే ముందు ఏం చేస్తారని. పాత గడ్డి తీసేయాలి, నాకిన తడి తుడవాలి, గోమార్లు ఏరాలి, ఎండుగడ్డి పరిచి దాని మీద పాత చీర వేయాలి. ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతుంటే మరియ చేతులు మా కళ్ల ముందు పనిచేశాయి.

మెదక్ కెథడ్రల్‌లో క్రిస్మస్ ఆరాధన చీకటితోనే మొదలవుతుంది. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో పని మొదలుపెడితే 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గోపురం, ఐదు వేల మంది పట్టే గుడి. కరువు రోజుల్లో కూలికి వచ్చి, ఆ కూలితో కడుపు నింపుకున్న జనం దాన్ని కట్టారు. లోపలి రంగుటద్దాల కిటికీల్లో ఒకటి ప్రభువు జననాన్ని చూపిస్తుంది. మొదటి పాట పాడేటప్పుడు ఆ అద్దం నల్లగానే ఉంటుంది. తెల్లారుతున్న కొద్దీ రంగులు మెల్లగా పైకి వస్తాయి. అక్కడ నిలబడ్డ ప్రతిసారీ రాళ్లు మోసినవాళ్లు గుర్తుకొస్తారు. వాళ్ల ఆకలిని చెప్పకుండా ఆ గుడి అందాన్ని మాత్రమే పొగడడం నాకు చేతకాదు.

ఇక వాచ్ నైట్. మొరేవియన్ల నుంచి అందుకుని జాన్ వెస్లీ తన సంఘాల్లో నిలిపిన జాగరణ ఇది. వెస్లియన్ మిషనరీల వెంట మా ప్రాంతానికీ వచ్చింది. 1947లో సీఎస్ఐలో (దక్షిణ ఇండియా సంఘంలో) కలిసిన తర్వాత కూడా మేం వదల్లేదు. రాత్రి పదిన్నరకు చేరతాం. నేను పది నిమిషాలకు మించి మాట్లాడను. మిగతా సమయం సాక్ష్యాలది. ఆపరేషన్ అయి బయటపడినవాళ్లు లేస్తారు, పదో తరగతి పాసైన పిల్ల లేస్తుంది. ఏమీ మంచి జరగని మనిషి కూర్చుని ఉండిపోకుండా చూడడం పాస్టరు బాధ్యత. అందుకే మొదట్లోనే చెబుతాను, లేచి నిలబడితే చాలు, చెప్పకపోయినా పర్వాలేదని.

కిందటి డిసెంబరులో పన్నెండుకు కొద్ది నిమిషాల ముందు వెనక వరుసలోంచి ఒకాయన లేచాడు. ఆగస్టులో భార్య పోయింది. అప్పట్నుంచి గుడి మెట్టెక్కలేదు. రెండు చేతులతో ముందు బెంచీ పట్టుకున్నాడు.

‘మా ఇంటామె పోయింది. నేనొక్కన్నే వచ్చిన’ అన్నాడు.

కాసేపు అలాగే నిలబడ్డాడు. పక్కనున్న పిల్లవాడు జరిగి చోటిచ్చాడు. ఆయన కూర్చున్నాడు. బయట ఎవరో గంట తాడు అందుకున్నారు.