సీటు దొరికింది, చోటు దొరకలేదు

ఫిష్‌బోన్ బాండు గురించి రాసేవాళ్లు సభ్యులు మారిపోవడం దగ్గరే ఆగిపోతారు. అది ఎట్లా పుట్టిందో ముందు చూడాలి. బడుల్లో జాతి వేర్పాటు పోవాలని లాస్ ఏంజెలెస్‌లో నల్లవాళ్ల వాడ సౌత్ సెంట్రల్ నుంచి పిల్లల్ని బస్సుల్లో శాన్ ఫెర్నాండో లోయలోని తెల్లవాళ్ల బడికి పంపారు. ఆ పిల్లలు ఐదుగురు, అక్కడే ఉండే ఏంజెలో మూర్ కలిసి 1979లో కట్టిన బాండు ఇది. మా ఇళ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాకు ఆ బస్సు సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. సీటు దొరకడం వేరు, చోటు దొరకడం వేరు.

స్కా, ఫంక్, పంక్, మెటల్ అన్నీ కలిపి వాయించారు. 1988 నాటి 'ట్రూత్ అండ్ సోల్'లో కర్టిస్ మేఫీల్డ్ పాటని గిటార్ల హోరులో మళ్లీ పుట్టించారు. రాక్‌ని కన్నది చక్ బెర్రీ లాంటి నల్లవాళ్లే గదా! అయినా రాక్ వాయించే నల్లవాళ్లని ఏ గూట్లో పెట్టాలో కంపెనీకీ రేడియోకీ తెలీలేదు. వీళ్లని చూసి ఎదిగిన నో డౌట్ 1995 ఆల్బం అమెరికాలోనే కోటి దాటింది. వీళ్లనేమో 1993 ఆల్బం తర్వాత కొలంబియా వదిలేసింది.

ఆ ఏడే కెండాల్ జోన్స్, 1994లో క్రిస్ డౌడ్, 1998లో డ్రమ్మర్ ఫిష్ వెళ్లిపోయారు. తప్పంతా మార్కెట్‌దే అని మేము అనం. లోపలి తగాదాలూ ఉన్నయి. ఆరుగురి ఉమ్మడి పదును తర్వాతి రికార్డుల్లో తగ్గింది కూడా. కానీ మనుషులు మారితే బాండు చచ్చినట్టేనా? ఇరవై ఏళ్లు దాటాక డౌడ్ తిరిగొచ్చాడు, 2023 రికార్డులో వాయించాడు. మన సంఘాల్లో మాత్రం వెళ్లినవాళ్ల పేర్లు కొట్టేస్తాం, తలుపు మూసేస్తాం. తిరిగి రావడానికి దారి ఉంచడం ఈ బాండు దగ్గర మనం నేర్చుకోవాలి.