శరీరమా, ఇజ్జతా?

వైద్య కళాశాలలో మేము చదివిన ఫోరెన్సిక్ మెడిసిన్ పుస్తకంలో హిజ్రాల ప్రస్తావన లైంగిక నేరాల అధ్యాయంలో వచ్చేది. తెలుగు మాధ్యమం నుంచి వెళ్ళిన నాకు ఆ ఇంగ్లీషు నిర్వచనాలు బట్టీ పట్టటమే పెద్ద పని. వాటి వెనుక మనుషులుంటారన్న ఊహే కలగలేదు. గాయత్రి రెడ్డి ‘విత్ రెస్పెక్ట్ టు సెక్స్’ (2005) చదువుతుంటే ఆ అధ్యాయం మళ్ళీ గుర్తుకొచ్చింది.

హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల మధ్య 1990లలో రచయిత్రి చేసిన క్షేత్ర పరిశోధన ఈ గ్రంథానికి ఆధారం. అంతకు ముందు, 1990లో సెరీనా నందా ‘నైదర్ మ్యాన్ నార్ వుమన్’ వెలువడిన తరువాత, పాశ్చాత్య విద్యాలోకంలో హిజ్రా ‘మూడవ లింగా’నికి ఉదాహరణగా స్థిరపడిపోయింది. స్త్రీ పురుష విభజన సార్వత్రికం కాదని వాదించవలసి వచ్చినప్పుడల్లా హిజ్రాను సాక్షిగా పిలిచేవారు. ఆ సాక్షి చెప్పేది మాత్రం పూర్తిగా వినేవారు కారు. రెడ్డి అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. లైంగిక భేదం హిజ్రా జీవితంలో ఒక పాయ మాత్రమే. మతం, వర్గం, బంధుత్వం, అన్నిటినీ కలిపే ఇజ్జత్ - ఇవి లేకుండా ఆ జీవితం అర్థం కాదంటారామె. పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ వెళ్ళి బధాయి అడిగే హిజ్రాలు, ఒళ్ళమ్ముకొని బ్రతికే హిజ్రాలకంటే తమను పైమెట్టున నిలుపుకుంటారు. గురువు లేని హిజ్రాకు గుర్తింపే లేదు. ప్యాంటూ చొక్కా తొడుక్కొని, పెళ్ళాం పిల్లలతో కాపురం చేసే కోతీలు, జోగిన్లు, శివసతులు కూడా ఈ లోకంలోని వారే. వీరందరినీ ‘మూడు’ అనే అంకె కింద చేర్చటం ఎలా?

వైద్యుడిగా నన్ను ఎక్కువగా నిలదీసినది ‘నిర్వాణం’ అని వారు పిలుచుకునే శస్త్రక్రియ గురించిన చర్చ. మా వృత్తిలో అటువంటి శస్త్రచికిత్స మనసుకు అనుగుణంగా దేహాన్ని మార్చటం. అక్కడ అది కోరికను వదులుకున్నానన్న ప్రకటన, గౌరవానికి దఖలు చేసుకున్న హక్కు. ఆ ప్రకటన చేసినవారిలో కొందరు లైంగిక జీవితం కొనసాగిస్తూనే ఉన్నారన్న వైరుధ్యాన్ని రచయిత్రి దాచిపెట్టలేదు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

నా అసంతృప్తి మరొకచోట. మత్తుమందు లేకుండా కోసిన గాయం మానేటప్పుడు మూత్రమార్గం ముడుచుకుపోవచ్చు. మూత్రం బొట్లు బొట్లుగా రావచ్చు. ఇవి యూరాలజిస్టుకు మాత్రమే సంబంధించిన సంగతులు కావు. ఈ పుస్తకంలో శరీరం అర్థాలను మోసినంతగా నొప్పిని మోయలేదు. ఇది డాక్టరు చాదస్తమే కావచ్చు.

ఇజ్జత్‌కు రాజ్యంతోనూ లెక్కలున్నాయి. 1329 ఫసలీ (1919) నాటి నిజాం చట్టం హిజ్రాల పేర్లను పోలీసు రిజిస్టరులో ఎక్కించమంది. ఆడవేషంలో బహిరంగంగా కనిపిస్తే వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చునంది. తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసినది 2023 జులైలో. లింగాన్ని ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చునని 2014లో సుప్రీంకోర్టు చెప్పగా, 2019 చట్టం మాత్రం స్త్రీగానో పురుషుడిగానో నమోదు కావాలంటే శస్త్రచికిత్స జరిగినట్లు వైద్యాధికారి ధ్రువపత్రం తెమ్మంది. పోలీసు రిజిస్టరు పోయి మా సంతకం వచ్చింది. స్వదేశంలో అటువంటి సంతకం పెట్టే స్థానంలో ఉన్న నా సహాధ్యాయులు ఈ పుస్తకంలో బంధుత్వాల గురించిన అధ్యాయమైనా చదివితే బాగుండును.