మోకాలి వెనక బుడిపె

మోకాలి వెనక రాయిలాంటి బుడిపె. నొప్పి అంతంతమాత్రం. కాలు పూర్తిగా మడవలేక, బాసింపట్టు వేసుకుని కూర్చోవడమే కష్టం. గుంతకల్లు దిక్కున పాతికేళ్ల పిల్లకు ఇలా అయితే ఎప్పటిదో దెబ్బ అని నూనె రాస్తారు, కట్టు కట్టిస్తారు. విరిగిన ఎముకకు వేసే పుత్తూరు నాటు కట్టుకు ఉన్న పేరు తక్కువదేమీ కాదు. విరగని ఎముక మీద లేచిన గడ్డకు మాత్రం కట్టూ వద్దు, మర్దనా వద్దు.

అది పారోస్టియల్ ఆస్టియోసార్కోమా కావచ్చు. ఎముక పైపొరను పట్టుకుని, ఏళ్ల తరబడి నింపాదిగా పెరిగే అరుదైన క్యాన్సర్. 1951లో దీన్ని వర్ణించిన వైద్యులు గెషిక్టర్, కోప్‌లాండ్‌లు సైతం ‘ఆస్టియోమా’ అని సాధువైన పేరే పెట్టారు!

పనితనమంతా ఎక్స్‌రే చదవడంలోనే ఉంది. దెబ్బ తగిలిన కండ గట్టిపడితే అంచులు చిక్కగా కనిపిస్తాయి. ఈ గడ్డకు ఎముకను అంటిన మొదలే చిక్కన. మామూలు ఎముక బుడిపెలోకి మూలుగ సాగి ఉంటుంది, ఇందులోకి సాగదు. గుంతకల్లు ఉన్న అనంతపురం జిల్లా నీళ్ల ఫ్లోరైడ్ కూడా ఎముక మీద ఎముకను పెంచుతుంది గానీ, అది ఒక్క మోకాలి వెనకే ముద్దకట్టి ఊరుకోదు. ఈ గడ్డ నుంచి ముక్క తీసి (బయాప్సీ) సూక్ష్మదర్శినిలో చూసినా కణాలు బుద్ధిగానే కనబడతాయి. అనుమానం తీరకపోతే ఎండీఎం2 జన్యు పరీక్ష సాయపడుతుంది.

ఆ ముక్క తీసేదెవరు? రేపు ఆపరేషన్ చేయబోయే సర్జనే, లేదా ఆయన చెప్పిన చోట. సూది వెళ్లిన దారిని కూడా గడ్డతో పాటు తీసేయాలి మరి. అమెరికాలో మాన్కిన్ బృందం 1982లో 329 మంది రోగుల బయాప్సీలను పరిశీలిస్తే, తప్పుడు బయాప్సీ వల్ల అనవసరంగా కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్లు తేలారు. 1996లో మళ్లీ చూసినా పెద్ద మార్పు లేదు. తొందరపడి ఊళ్లోనే కోయించడం కన్నా ఫిల్ములు పట్టుకుని బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రికో, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికో రైలెక్కడం మేలు. గుంతకల్లు లాంటి రైల్వే జంక్షన్ ఊరికి అదొక సౌకర్యం.

మందకొడి రకానికి కీమో అక్కర్లేదు. చుట్టూ ఆరోగ్యకరమైన కణజాలం కొంత కలుపుకుని మొత్తం తీసేస్తే పదిమందిలో తొమ్మిది మంది దాకా బతికి బట్టకడతారు, కాలూ చాలావరకు దక్కుతుంది. పైపొర మీదే పుట్టే ఉద్ధృత రకం వేరు, దానికి కీమో తప్పదు. మందకొడిదైనా అరకొరగా తీస్తే తిరిగొస్తుంది, ఒక్కోసారి ఉద్ధృతంగా మారి వస్తుంది. కుట్లు మానిన తర్వాత కూడా ఏళ్ల పాటు కాలికీ ఛాతీకీ స్కాన్లు చేయించేది అందుకే.