నా అంకె ఎంతమ్మా?

బీపీ మిషన్ ఇప్పుడు మందుల షాపుల్లోనూ దొరుకుతోంది. ఫోన్‌లో బీపీ వీడియోలకు కొదవే లేదు. అయినా మా వీధిలో చాలామందికి తమ బీపీ ఎంతో తెలీదు. తెలిసినవాళ్లలోనూ కొందరు "తల తిరగడం లేదుగా" అని మాత్ర ఆపేస్తారు. బీపీ పెరిగినా చాలాసార్లు ఏ లక్షణమూ కనిపించదు. లోలోపల గుండెనీ, మెదడునీ, మూత్రపిండాల్నీ దెబ్బతీస్తూనే ఉంటుంది. కొలిస్తే తప్ప బయటపడదు.

కొలవడానికీ ఒక పద్ధతుంది. చుట్టుపక్కల పెద్దవాళ్లకు నేను పదేపదే చెప్పేది అదే. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ వద్దు. వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనించి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీని చొక్కా మీద కాకుండా చేతికే చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. మాట్లాడకూడదు. నిమిషం ఆగి మళ్లీ కొలిచి, రెండు అంకెలూ తేదీ వేసి రాసుకోవాలి. ఒక్కరోజు అంకె చూసి బెంబేలెత్తనక్కర్లేదు, సొంతంగా మందు మార్చనూ కూడదు. ఇంట్లో కొన్ని రోజులపాటు 135/85 దాటుతుంటే ఆ కాగితం డాక్టరు ముందు పెట్టాలి.

ఫోన్‌లో వచ్చే ఆరోగ్య సందేశాలకూ ఇదే నిదానం కావాలి. ఎవరు చెప్పారు? నా వయసుకూ నా జబ్బుకూ వర్తిస్తుందా? చివర్లో ఏమైనా అమ్ముతున్నారా? వెల్లుల్లి తింటే బీపీ మాత్రలు అక్కర్లేదనే వీడియో ఈ ప్రశ్నలకు నిలవదు. ఉప్పు రోజుకు అయిదు గ్రాముల లోపే ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట నిలుస్తుంది. అయితే అయిదు గ్రాములంటే ఇంచుమించు ఒక టీస్పూను. ఆవకాయ, అప్పడం, మిక్చరులోని ఉప్పూ అందులోనే కలుస్తుందని వంటింట్లో లెక్క వేసుకున్నప్పుడే ఆ మాట అలవాటుగా మారుతుంది.

ఇదంతా ఎవరికి వారే నేర్చుకోవాలనడం అన్యాయం. చాలా ఇళ్లలో బీపీ తల్లికి, ఫోన్ కొడుక్కి. ప్రభుత్వ సాయం లేకపోలేదు. 2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమంలోని తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు పరీక్షలు ప్రభుత్వమే ఉచితంగా చేయిస్తోంది. ఆశా, ఏఎన్‌ఎం వచ్చి వివరాలు ఫోన్‌లో ఎక్కిస్తారు. కానీ తన అంకె ఏమిటో, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో ఆ తల్లికి తెలియకపోతే ఆ వివరాలు లెక్కలకే పనికొస్తాయి. "నా అంకె ఎంతమ్మా, మళ్లీ ఎప్పుడు రావాలి?" అని అడిగే హక్కు ఆమెకుంది. మహిళా సంఘం సమావేశంలో ఓ పావుగంట ఈ ప్రశ్న అడగడం నేర్పుదాం. జవాబు రాసిపెట్టే బాధ్యత ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్లు తీసుకోవాలి.