తుపాకీ గడప అవతలే: పులివెందుల నుంచి లిన్ నాటేజ్‌ని చదవడం

రాయలసీమ మీద తీసిన సినిమాలు చూసినవాళ్లకు మా పులివెందుల వైపు అంటే ఒకటే బొమ్మ: సుమోలు, బాంబులు, తెల్లచొక్కాల మగవాళ్లు. ఆ బొమ్మలో ఆడవాళ్లకు రెండే పనులు. శవం మీద పడి ఏడవడం, లేదా కొడుక్కి పగ నూరిపోయడం. హత్య జరిగిన మర్నాడు పొయ్యి ఎవరు రాజేశారు, బ్యాంకు అప్పు ఎవరి నెత్తిన పడింది, చీనీ తోటకు నీళ్లు ఎవరు కట్టారు అని ఏ కథానాయకుడూ అడగడు. అమెరికన్ నాటక రచయిత్రి లిన్ నాటేజ్‌ని చదువుతుంటే నాకు మళ్లీ మళ్లీ తగిలినవి ఈ ప్రశ్నలే.

నాటేజ్ 1964లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టింది. నల్లజాతి కుటుంబం. బ్రౌన్, యేల్ యూనివర్సిటీల్లో చదివాక ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పత్రికా విభాగంలో నాలుగేళ్లు పనిచేసింది. తర్వాతి నాటకాలన్నిటికీ అక్కడే విత్తనం పడిందని నా అభిప్రాయం. బాధితుల మాట వినడం, విన్నదాన్ని నినాదంగా మార్చేయకుండా ఉండడం, రెండూ అక్కడి పనిలో భాగాలే కదా.

2003 నాటి ‘ఇంటిమేట్ అపెరల్’కు ప్రేరణ ఆమె ముత్తవ్వ, కుట్టుపని చేసి బతికిన మనిషి. నాటకం 1905లో జరుగుతుంది. నాయిక ఎస్తర్ గొప్పింటి ఆడవాళ్లకు లోదుస్తులు కుడుతుంది. చదువు రాదు. పనామా కాలువ పనిలో ఉన్న ఒకతనికి ప్రేమలేఖలు పంపాలంటే వేరేవాళ్లతో రాయించుకోవాల్సిందే. తన మనసు ఇంకొకరి అక్షరాల్లో వెళ్తుంది. ఎదుటివాడి మనసూ అంత నమ్మకంగా రాలేదని తర్వాత తెలుస్తుంది. దుబాయికో కువైట్‌కో పోయిన మొగుడికి పక్కింటి పిల్లతో ఉత్తరం రాయించిన తరం కడప జిల్లాలో ఇంకా ఉంది. ఆ తరానికి ఎస్తర్‌ని పరిచయం చేయక్కర్లేదు.

‘రూయిండ్’కు 2009లో పులిట్జర్ వచ్చింది. బ్రెహ్ట్ ‘మదర్ కరేజ్’ని కాంగో యుద్ధానికి మార్చి రాద్దామని 2004లో ఉగాండా వెళ్లి, అక్కడ తలదాచుకున్న కాంగో ఆడవాళ్లతో మాట్లాడింది. విన్న తర్వాత బ్రెహ్ట్ చట్రం పక్కనపెట్టి తన నాటకం తాను రాసుకుంది. మామా నాదీ నడిపే బారులోకి ఏ పక్షం సైనికులైనా రావచ్చు, తూటాలు మాత్రం తీసేసి రావాలి. యుద్ధమంతా గడప అవతల. లోపల ఉన్నది ఆ యుద్ధం ఆడవాళ్ల ఒంటిమీద చేసిన పని. సైనికులు ఎత్తుకుపోయిన సలీమాని మొగుడే వెలివేస్తాడు, ఆ తర్వాత వెతుక్కుంటూ వస్తాడు. ఫ్యాక్షన్ మీద మనకు రావాల్సిన నాటకం ఇలాంటిది.

ముగింపు మాత్రం నాకు నచ్చలేదు. అంత రక్తం చూపించాక మామా నాదీకి ప్రేమను చేతికిచ్చి నాట్యం చేయించడం ప్రేక్షకుణ్ణి ఊరడించి ఇంటికి పంపడమే.

‘స్వెట్’లో అలాంటి ఊరడింపు తక్కువ. పెన్సిల్వేనియాలో రెడింగ్ అనే ఊరికి 2011 నుంచి తిరిగి తిరిగి, కార్మికులతో మాట్లాడి రాసింది. ఇద్దరు స్నేహితురాళ్లలో నల్లజాతి సింథియాకి సూపర్‌వైజర్ పదవి వస్తుంది. తెల్లజాతి ట్రేసీకి రాదు. తర్వాత ఫ్యాక్టరీ గేటు మూతపడుతుంది. యజమాని రంగస్థలం మీదికే రాడు. అందుకే కోపమంతా పక్కనున్నవాళ్ల మీదికి తిరుగుతుంది, కడకు బారులో గిన్నెలెత్తే కుర్రాడి దాకా పోతుంది. ఈ నాటకానికి 2017లో రెండో పులిట్జర్ వచ్చింది. నాటకానికి రెండుసార్లు ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమె.

రెడింగ్‌ది పోయిన ఫ్యాక్టరీ కథ. జమ్మలమడుగుది రాని ఫ్యాక్టరీ కథ. ఉక్కు పరిశ్రమ పేరుతో అక్కడ 2007, 2018, 2019, 2023లలో శంకుస్థాపనలు జరిగాయి. ఆ రాళ్ల మధ్య పెళ్లీడుకొచ్చి, ఉద్యోగానికి ఎదురుచూసి, బెంగళూరు బస్సెక్కిన పిల్లల మీద ఒక నాటకం ఉందా?

నాటకం మనకు కొత్తేమీ కాదు. 1885లో వనారస వారి ‘కీచకవధ’తో సురభి మొదలైంది ఇక్కడికి దగ్గరే, ఇప్పటి చక్రాయపేట మండలంలో. మగవాళ్లు ఆడవేషాలు కడుతున్న కాలంలోనే సురభి తన ఇంటి ఆడవాళ్లను రంగస్థలం ఎక్కించింది. ఆ కుటుంబాల కమలాబాయి 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించింది. అంటే ఆడదానికి పాత్ర దొరికి వందేళ్లు దాటింది. కలం దొరకడమే ఆలస్యమైంది. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో తెలుగు అధ్యాపకురాలైన ఎం.ఎం. వినోదిని రాసిన ‘దాహం’ నీళ్ల దగ్గర కులం ఏం చేస్తుందో చూపించిన నాటకం. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టాల్సి రావడమే నా బాధ.

పులిట్జర్ల కంటే నాటేజ్ పద్ధతి మనకు పనికొస్తుంది. ఊరికి పోవడం, కూర్చోవడం, వినడం. అంతటితో ఆగకుండా 2017లో రెడింగ్‌లో వాడకంలో లేని పాత రైల్వేస్టేషన్లో ఆ ఊరివాళ్ల కథలతోనే ‘దిస్ ఈజ్ రెడింగ్’ అనే ప్రదర్శన పెట్టింది. తీసుకున్న మాటలు ఊరికి తిరిగి ఇచ్చేసింది. మా వైపు మాటలు తీసుకుపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. తిరిగి ఇచ్చినవాళ్లే తక్కువ.